నీళ్ళు చాలకా, చేరకా? ఒక గ్రామపంచాయతీ తాగునీటి పథకం కేస్ స్టడీ

నేపథ్యం

ఇది రాయలసీమ మెట్ట ప్రాంతంలోని ఒక గ్రామపంచాయతీ. ఈ పనిలో ఊరితో కలిసి నడిచిన మేం ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం, ఇళ్ళ లెక్కను గుండ్రని సంఖ్యలకు సరిచేశాం. 2021 వేసవిలో మొదలైన పని 2023 వేసవికి ఒక కొలిక్కి వచ్చింది.

ఊళ్ళో 400 ఇళ్ళు, 1,700 మంది జనం. ఊరు మూడు ముక్కలు. ట్యాంకు చుట్టూ పాత ఊరు, 180 ఇళ్ళు. పల్లంలో కొత్త కాలనీ, 110 ఇళ్ళు. గుట్ట వాలు మీద ఎస్సీ కాలనీ, దాన్నే పై కాలనీ అంటాం, అవీ 110 ఇళ్ళే. ట్యాంకు 60,000 లీటర్లది. దాని అడుగు నేల నుంచి 12 మీటర్ల ఎత్తున ఉంటుంది, నిండితే లోపల 3 మీటర్ల నీళ్ళు నిలుస్తాయి. ఎస్సీ కాలనీ నేల ట్యాంకు కాళ్ళున్న నేలకంటే 5 మీటర్లు ఎత్తు. అక్కడికి 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 600 మీటర్లు పోతుంది. నీళ్ళు ఊరి బయట చెరువు కింది పొలాల్లో ఉన్న రెండు బోర్ల నుంచి వస్తాయి.

రికార్డుల ప్రకారం ఈ ఊళ్ళో సమస్యే లేదు. ప్రతి ఇంటి ముందూ కొళాయి ఉంది, కాబట్టి నూరు శాతం కవరేజీ. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో పనిచేసే కొళాయికి మనిషికి రోజుకు 55 లీటర్లు, నాణ్యత, క్రమం తప్పకపోవడం అని మూడు షరతులున్నాయి. లెక్క రాసేటప్పుడు మాత్రం కొళాయి బిగించడమే కనబడుతుంది, తక్కిన మూడూ కంటికి ఆనవు. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆరోది, 2030కల్లా అందరికీ సురక్షితమైన తాగునీరు, ఊరి స్థాయికి దిగేసరికి ఇలా కొళాయిల లెక్కగా మారిపోతుంది.

సమస్య ఎలా వచ్చింది

ఎస్సీ కాలనీ మహిళలు మండల గ్రీవెన్సులో మూడు సోమవారాలు వరసగా అర్జీ ఇచ్చారు. మార్చి నుంచి కొళాయి విప్పితే ముందు బుసబుసమని గాలి, తర్వాత సన్నటి ధార, పది నిమిషాలకు అదీ ఆగిపోతోంది. ఏప్రిల్లో ట్యాంకరు పెట్టారు. రెండు రోజులకొకసారి వచ్చే ట్యాంకరు దగ్గర బిందెల వరస, గొడవ, కూలికి ఆలస్యం. అర్జీలో చివరి వాక్యం ఇది: నీళ్ళు చాలడం లేదు కనుక కొత్త బోరు వేయించగలరు.

ఫిర్యాదు తెచ్చేవాళ్ళు తమకు తోచిన పరిష్కారాన్ని కూడా దానికే జోడించి తెస్తారు. కార్యాలయం సమస్యను పక్కకు పెట్టి ఆ పరిష్కారానికే ఫైలు తెరుస్తుంది. ఇక్కడా అదే జరిగింది.

మొదటి ప్రయత్నం: మూడో బోరు

ఆ నిర్ణయాన్ని తప్పుబట్టడం తేలిక. కానీ అప్పటి పరిస్థితిలో సర్పంచికీ కార్యదర్శికీ అదే సహజంగా తోచింది. కొత్త ఆస్తికి ఎస్టిమేటు వేస్తే మంజూరు దొరుకుతుంది, కొలత పుస్తకంలో ఎక్కుతుంది, శంకుస్థాపనకు ఒక ఫోటో కూడా వస్తుంది. ఉన్న పైపుల్లో లోపం వెతకడానికి పద్దు లేదు. దానికి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు.

కొబ్బరికాయ మాత్రం ఇంకో చోట పనికొచ్చింది, నీటి జాడ చూడడానికి. అరచేతిలో కాయ నిలబడ్డ చోట పాయింటు పెట్టారు. అది రెండో బోరుకు 90 మీటర్ల దూరం. భూగర్భ జల శాఖతో సర్వే చేయించడానికి పది పదిహేను రోజులు పడుతుందని మానేశారు. 700 అడుగులు వేస్తే నిమిషానికి 60 లీటర్లు పడ్డాయి. మోటారు, పైపులు, కరెంటుతో కలిపి దాదాపు 3.8 లక్షలు ఖర్చయింది.

మూడు నెలలు అందరూ సంతోషంగా ఉన్నారు. తర్వాత రెండు సంగతులు బయటపడ్డాయి. రెండో బోరు ధార 85 నుంచి 50కి పడిపోయింది. రెండూ ఒకే రాతి పగులులోంచి తాగుతున్నాయి, ఒక గ్లాసులో రెండు స్ట్రాలు వేసినట్టు. గట్టి గ్రానైటు నేలల్లో నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి కాబట్టి దగ్గరి బోర్లకు ఇది మామూలే. రెండోది ఇంకా చేదు. బోరును కలిపిన తర్వాత తీసిన నమూనాలో ఫ్లోరైడు లీటరుకు 1.9 మిల్లీగ్రాములు తేలింది. తాగునీటి ప్రమాణం ప్రకారం ఆమోదయోగ్యమైన హద్దు 1.0, వేరే గతి లేనప్పుడు 1.5. అంటే మూడో బోరు నీళ్ళు నేరుగా తాగించదగ్గవి కావు. పరీక్ష కలపడానికి ముందే చేయించి ఉంటే మోటారు ఖర్చయినా మిగిలేది.

ఇంత చేసినా పై కాలనీ కొళాయిలో మార్పు లేదు. ట్యాంకులోకి నీళ్ళు పెరిగితే పాత ఊరు ఎక్కువసేపు పట్టుకుంది, అంతే.

రెండో ప్రయత్నం: మోటార్ల మీద దండోరా

కొళాయికి అర హెచ్‌పీ మోటారు బిగించి లాగడం వల్లే చివరికి నీళ్ళు చేరడం లేదని ఊరంతా ఒప్పుకుంది. దండోరా వేశారు, నోటీసులు అంటించారు, ఒక ఉదయం తిరిగి 14 మోటార్లు పట్టుకున్నారు. మూడు వారాల్లో అన్నీ వెనక్కి వచ్చాయి, కొత్తవి ఐదారు తోడయ్యాయి.

పట్టుకున్న 14లో ఒక్కటి కూడా పాత ఊరి పెద్దవీధిలోది కాదు. అక్కడ ఉన్నవి ఎవరివో అందరికీ తెలుసు. దాంతో దాడికి నైతిక బలం మొదటి గంటలోనే పోయింది. మోటారు పెట్టినవాడిలో దురాశ కంటే భయం ఎక్కువ. పక్కింట్లో మోటారు నడుస్తుంటే తన కొళాయి ఎండిపోతుంది, కనుక తనూ పెట్టాలి. ముందుగా ఎవరు తీసేస్తే వాళ్ళే నష్టపోతారు. ఇలాంటి పోటీని నోటీసు ఆపలేదు. మోటారు లేకపోయినా నీళ్ళు వస్తాయన్న నమ్మకం కలిగించకుండా మోటారు తీయించడం వృథా.

మూడో ప్రయత్నం కాగితం మీదే ఆగింది: పై కాలనీకి విడిగా 40,000 లీటర్ల ట్యాంకు, 22 లక్షల ఎస్టిమేటు. దాన్ని పక్కన పెట్టమని మేం సూచించడానికి కారణం ఒక్కటే. ఆ ట్యాంకును నింపాల్సింది కూడా ఇవే బోర్లు, ఈ పైపే. కింద కొళాయికి ఎక్కని నీళ్ళు పది మీటర్ల ఎత్తు ట్యాంకులోకి ఎలా ఎక్కుతాయో ఎస్టిమేటులో ఎవరూ రాయలేదు.

కొలత

ఇక్కడ పని మలుపు తిరిగింది. ఏడు రోజులు కొత్తగా ఏదీ చేయకుండా, ఉన్నది ఉన్నట్టు కొలవాలని తీర్మానించారు. ఏడు రోజులే ఎందుకంటే, కరెంటు వేళలు వారానికోసారి మారతాయి. తక్కువ రోజులు కొలిస్తే ఒకే వేళ దొరుకుతుంది. సామాను ఇది: 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచి, ట్యాంకులోకి దించడానికి గీతలు పెట్టిన వెదురు కర్ర, 10 లీటర్ల బకెట్టు, 3 మీటర్ల పారదర్శక గొట్టం. గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటు, వాటర్‌మ్యాన్, ఇద్దరు డిగ్రీ పిల్లలు పనిచేశారు.

మూడో బోరు ఆపేశాక రెండో బోరు నాలుగు రోజుల్లో కోలుకుంది. అప్పుడు బోర్ల దగ్గర డ్రమ్ముతో కొలిస్తే నిమిషానికి 110, 85, మొత్తం 195 లీటర్లు. రోజుకు 9 గంటలు నడిస్తే 1,05,300 లీటర్లు. ఊరి అవసరం 1,700 మందికి 55 చొప్పున 93,500. అంటే కాగితం మీద మూడో బోరు అక్కర్లేదు.

ట్యాంకు నోటి దగ్గర కొలిస్తే నిమిషానికి 150 లీటర్లే పడుతున్నాయి. దారిలో 45 లీటర్లు మాయం. రైజింగ్ మెయిన్ (బోర్ల నుంచి ట్యాంకుకు నీళ్ళు ఎక్కించే పైపు) వెంబడి నడిచి చూస్తే 23 కనెక్షన్లు దొరికాయి: దారిపక్క ఇళ్ళు, రెండు కళ్ళాలు, ఒక పశువుల తొట్టి. మోటారు నడిచినంతసేపూ వాళ్ళకు నీళ్ళే నీళ్ళు, అదీ క్లోరిన్ కలవనివి.

బోర్లు వ్యవసాయ ఫీడరు (పొలాల మోటార్లకు కరెంటిచ్చే లైను) మీద ఉన్నాయి. త్రీ ఫేజు 9 గంటలని పేరు, కోతలూ ట్రిప్పులూ పోగా ఆ వారం సగటు 7 గంటల 10 నిమిషాలు. పైగా కరెంటు వచ్చిన సంగతి తెలిసి వాటర్‌మ్యాన్ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి స్టార్టరు వేయాలి. మొత్తానికి ట్యాంకులో పడేవి రోజుకు 64,500 లీటర్లు.

ఇక ట్యాంకు నుంచి బయటికి. పాత డ్రాయింగులో మూడు గేటు వాల్వులున్నాయి. ఒకటి కనబడింది, రెండు సిమెంటు రోడ్డు కింద పూడిపోయాయి. కనబడినదాని తిప్పే కాడ గుండ్రంగా తిరుగుతుందే తప్ప లోపలి తలుపు కదలదు. అంటే ట్యాంకు ఎప్పుడూ మూతపడదు. రాత్రి 11 గంటలకు కర్ర దించి, మళ్ళీ ఒంటి గంటకు దించితే నీళ్ళు 11 సెంటీమీటర్లు దిగాయి. ట్యాంకు వైశాల్యం 20 చదరపు మీటర్లు, కనుక రెండు గంటల్లో 2,200 లీటర్లు. కొంత లీకేజీ. మిగతాది పాత ఊళ్ళో తెరిచి వదిలేసిన కొళాయిల గుండా ఇళ్ళ సంపుల్లోకి.

కొళాయిల దగ్గర బకెట్టు కొలతలను బట్టి వాటాలు అంచనా కట్టాం. పాత ఊరికి 36,000 లీటర్లు, పల్లపు కాలనీకి 19,000, రాత్రి నష్టం 5,000, పై కాలనీకి 4,500. మనిషి లెక్కన వరసగా 47, 41, పదికి లోపు. ఊరి సగటు చూస్తే 38 లీటర్లు. ఆ సగటు వెనక పై కాలనీ కనబడనే కనబడదు.

చివరికి గొట్టం. పై కాలనీ చివరి కొళాయికి పారదర్శక గొట్టం తొడిగి నిలువుగా పట్టుకుంటే నీళ్ళు మోకాలి ఎత్తు, 40 సెంటీమీటర్లు లేచి ఆగిపోయాయి. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున ట్యాంకు నిండా ఉంచి, మిగతా రెండు లైన్లనూ మొదట్లోనే విప్పి తాత్కాలికంగా ఎండ్ క్యాపులు బిగించి, పై కాలనీకి మాత్రమే వదిలాం. అదే గొట్టంలో నీళ్ళు 2.1 మీటర్లు ఎక్కాయి. పైపు మారలేదు, ట్యాంకు మారలేదు, బోరు మారలేదు. ఈ పరీక్షకు పాత ఊరి పెద్దలు నలుగురిని పిలవడం ముందే అనుకుని చేసినదే. లెక్కలు చదివి వినిపిస్తే తలలూపేవారు, అంతే. గొట్టంలో నీళ్ళు మనిషిని మించి ఎక్కడం చూశాక వాదన తీరు మారింది.

లెక్క కూడా దీనికి సరిపోతుంది. ట్యాంకు నీటిమట్టం 12 నుంచి 15 మీటర్లు, అందులో 5 మీటర్లు నేల ఎత్తుకు పోతే చేతిలో 7 నుంచి 10 మీటర్లు. కొళాయి దగ్గర 2 మీటర్ల ఒత్తిడి మిగలాలంటే పైపు రాపిడికి 5 నుంచి 8 మీటర్లు ఖర్చుపెట్టొచ్చు. 600 మీటర్ల 90 ఎంఎం పైపులో ఆ ఖర్చుకు నిమిషానికి 300 లీటర్ల దాకా పారతాయి. గంటన్నరలో 27,000 లీటర్లు. పై కాలనీకి కావలసింది 25,700.

పనిచేసినవి, వాటి వరస

సాంకేతికంగా ఏది ముందు చేసినా ఒకటే. ఊళ్ళో నమ్మకం కుదరాలంటే మాత్రం వరసకు విలువ ఉంది. ముందు వాల్వులు, ఆ తర్వాత దొంగ కనెక్షన్లు, ఆ తర్వాత డబ్బు అనుకున్నాం. రైజింగ్ మెయిన్ కనెక్షన్లు ముందు కోస్తే 23 ఇళ్ళు ఎదురు తిరిగేవి, అప్పటికి లాభపడ్డవాళ్ళు ఎవరూ ఉండరు. వాల్వులతో ముందు 110 ఇళ్ళు మన పక్కకు వస్తాయి.

రోడ్డు తవ్వి పూడిన వాల్వులు రెండూ తీశారు. తుప్పుకు పనికిరావు. మూడూ కొత్తవి వేసి, ఒక్కోదానికి ఇటుక ఛాంబరు కట్టి, రోడ్డు మట్టానికి నాలుగంగుళాలు పైకి లేపారు, తర్వాతి రోడ్డు కాంట్రాక్టరు మళ్ళీ పూడ్చకుండా. తాళం చెవి ఇద్దరి దగ్గరే: వాటర్‌మ్యాన్, పై కాలనీ వార్డు సభ్యురాలు. రెండో చెవి ఆమెకివ్వడం మీద పంచాయతీలో గంటసేపు చర్చ జరిగింది. ఆమె దగ్గర చెవి ఉంటే ఎప్పుడు పడితే అప్పుడు తిప్పేస్తారని ఒక వాదన. ఒక్కరి దగ్గరే ఉంటే ఆ ఒక్కరి మీద వచ్చే ఒత్తిడికి ఆయన తట్టుకోలేడని మరో వాదన. వాటర్‌మ్యానే రెండో వాదన వైపు నిలిచాడు.

వంతులు ఇలా కుదిరాయి. ఉదయం 5:00 నుంచి 6:30 పై కాలనీ, 6:30 నుంచి 7:45 పాత ఊరు, 7:45 నుంచి 8:35 పల్లపు కాలనీ. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఎత్తు మీదికి ఒత్తిడి సరిపోతుంది, పల్లానికి అడుగున మిగిలిన నీళ్ళు కూడా జోరుగా పారతాయి. కారణం ఇంత సూటిగా ఉన్నా, వాళ్ళకు ముందు, మాకు తర్వాతా అనే మాట పెద్దవీధిలో లేచింది. దీన్ని నీళ్ళ లెక్కగా మాత్రమే చూస్తే పొరపాటు. అది కులం మాట కూడా. న్యాయం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. పాత ఊరి వంతుకు గడియారం హామీ ఇచ్చారు, ట్యాంకు కాళ్ళ మీద వేళలు పెయింటుతో రాశారు, వంతు పది నిమిషాలు దాటి ఆలస్యమైతే ఆ రోజు కార్యదర్శి కారణం రిజిస్టరులో రాయాలని తీర్మానంలో పెట్టారు. అంతకుముందు ఎప్పుడొస్తాయో తెలియని నీళ్ళు ఇప్పుడు 6:30కే వస్తున్నాయని తెలిశాక సణుగుడు నెల రోజుల్లో తగ్గింది. పాత ఊళ్ళో 31 మోటార్లు ఉండేవి, నాలుగు నెలలకు 9 మిగిలాయి. ఎవరూ పట్టుకోలేదు.

రైజింగ్ మెయిన్ మీది 23 కనెక్షన్లకు వద్దాం. వాళ్ళను దొంగలనడానికి ముందు ఆరా తీస్తే, ఆ వీధికి పంపిణీ లైను అసలు వేయనేలేదు. ఊరు అటువైపు పెరిగింది, పైపు పెరగలేదు. కనుక ముందు 63 ఎంఎం హెచ్‌డీపీఈ పైపు 240 మీటర్లు లాగి, పాత ఊరి వంతులో కలిపి, నీళ్ళు వచ్చాయని వారం చూశాక పాత కనెక్షన్లు కోశారు. కళ్ళాలవాళ్ళు ఇద్దరు మాత్రం రాత్రిపూట మళ్ళీ గుచ్చారు. వాటిని రెండోసారి కోసి, శాడిలు (పైపుకు కనెక్షను బిగించే పట్టీలు) ఉన్నచోట పైపు ముక్కే మార్చేశారు. పశువుల తొట్టికి మూడో బోరు నీళ్ళు మళ్ళించారు, అదీ రోజుకు గంట మాత్రమే, రెండో బోరు ఆగి ఉన్న వేళలో. 3.8 లక్షల బోరు చివరికి తొట్టి నింపడానికి మిగిలింది. ట్యాంకులో పడే ధార 150 నుంచి 190కి పెరిగింది.

వాల్వులు, ఛాంబర్లు, కొత్త పైపు, రోడ్డు పూడ్చడం అన్నీ కలిపి సుమారు 1.9 లక్షలు. మూడో బోరులో సగం.

కరెంటు దగ్గర మేం తప్పు చేశాం. ఊరి ఫీడరు నుంచి బోర్లకు విడి లైను కోసం దరఖాస్తు పెడితే ఎస్టిమేటు, డబ్బు కట్టడం, స్తంభాలు అన్నీ కలిపి ఏడు నెలలు పట్టింది. ఈలోపు త్రీ ఫేజు రాగానే మోటారు దానంతటదే నడిచేలా ఆటో స్టార్టరు పెట్టారు. బోరులో నీళ్ళు తగ్గితే మోటారును ఆపే డ్రై రన్ ప్రివెంటరుకు 3,500 రూపాయలవుతుందని దాన్ని తర్వాత చూద్దామన్నారు. మేం గట్టిగా అడ్డుచెప్పలేదు. రెండో వారంలో రాత్రి వేళ కరెంటు వచ్చి, మనిషి లేక, నీళ్ళు దిగిపోయిన రెండో బోరులో 7.5 హెచ్‌పీ మోటారు ఖాళీగా తిరిగి కాలిపోయింది. రీవైండింగుకూ, కాలమ్ పైపులు తీసి దించిన కూలికీ 19,000. ఆరు రోజులు ఊరంతా ట్యాంకరు. పై కాలనీకి ముందు వదలడం వల్లే ఇలా జరిగిందన్న పుకారు కూడా ఆ ఆరు రోజుల్లోనే పుట్టింది. మనిషి చేతి పనిని యంత్రానికి అప్పగిస్తే, ఆ మనిషి చెవితో విని చేసే పనిని కూడా ఏదో ఒక పరికరానికి అప్పగించాలి. వాటర్‌మ్యాన్ మోటారు శబ్దం మారడం విని స్టార్టరు ఆపేవాడు. ఆ సంగతి పని జాబితాలో ఎక్కడా లేదు.

విడి లైను వచ్చాక కూడా మోటార్లను 24 గంటలు నడపనివ్వలేదు. రోజుకు 9 గంటల హద్దు: తెల్లవారి వంతుల వేళ, మళ్ళీ సాయంత్రం ట్యాంకు నింపడానికి. మధ్యలో బోరుకు ఊట పట్టే సమయం. బోరు కేసింగు గొట్టం పక్కన సన్నటి పైపు దించి, పదిహేను రోజులకోసారి టేపుతో నీటిమట్టం చూసి రాస్తున్నారు.

క్లోరిన్ సంగతి క్లుప్తంగా. 60,000 లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పొడిలో 25 శాతం క్లోరిన్ ఉంటే 480 గ్రాములు. బస్తా విప్పి మూడు నెలలు గోదాములో పెడితే శాతం 15కి పడొచ్చు, అప్పుడు 800 గ్రాములు. ఇక్కడ చెంచాల లెక్క నడిచేది. ఇప్పుడు పొడిని మూతబిగిసిన ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచి, పై కాలనీ చివరి కొళాయి దగ్గర చుక్కల మందుతో చూస్తారు. అక్కడ నీళ్ళలో మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు తేలితే మోతాదు సరిపోయినట్టు. ట్యాంకు దగ్గర పరీక్షించి రాస్తే ఎప్పుడూ బాగానే కనబడుతుంది.

డబ్బు

నీళ్ళు చేరడం ఒక ఎత్తు, చేరుతూ ఉండడం ఒక ఎత్తు. కరెంటు బిల్లు పోగా నెలకు ఖర్చు ఇది: వాటర్‌మ్యాన్ జీతం 7,500, బ్లీచింగూ వాషర్లూ 2,500, మరమ్మతుల నిల్వ 4,000. మొత్తం 14,000. అంతకుముందు వాటర్‌మ్యాన్‌కు ఐదు నెలల జీతం బాకీ. అతను ఇళ్ళ దగ్గర సంక్రాంతికి, ఉగాదికి తీసుకునే మామూలుతో బతికేవాడు, ఆ మామూలు ఎక్కువిచ్చే వీధిలో నీళ్ళు ఎక్కువసేపు పారేవి. దీన్ని అవినీతి అని కొట్టిపారేస్తే సగమే అర్థమవుతుంది. జీతం ఇవ్వని పంచాయతీ అతన్ని పెద్దవీధికి అప్పగించేసింది.

ఇంటికి నెలకు 40 రూపాయలు అనుకున్నారు. మొదట, పంట చేతికొచ్చాక ఏడాదికి ఒకేసారి 480 వసూలు చేద్దామని కార్యదర్శి ప్రతిపాదన. వేరుశనగ అమ్మిన వారంలోనే అడిగినా 19 శాతం ఇళ్ళే కట్టాయి. చేతిలో డబ్బున్న వారం అప్పులవాళ్ళూ వస్తారు, పంచాయతీ వంతు ఆఖరు. రెండోసారి పొదుపు సంఘాల నెలవారీ సమావేశంలో వసూలు పెట్టి, వసూలైన దాంట్లో 5 శాతం గ్రామ సమాఖ్యకు ఇచ్చారు. ఆరు నెలలకు 70 శాతం దాటింది. మిగతా లోటును 15వ ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి కట్టుబడిన 30 శాతం వాటా నుంచి పూడ్చుకున్నారు. నిర్వహణకు ఆ నిధి వాడవచ్చని ముందునుంచీ ఉంది. ఎప్పుడూ కొత్త పనులకే అయిపోయేది.

కట్టనివాళ్ళ కొళాయి కోయాలా అన్న ప్రశ్న గ్రామసభలో వచ్చింది. జాబితా తీస్తే బాకీదార్లలో ఎక్కువమంది సొంత బోరున్న పెద్దవీధి ఇళ్ళవాళ్ళే. పై కాలనీలో పదిలో తొమ్మిది ఇళ్ళు కట్టాయి. కోత నిబంధన పెడితే అది ఎవరి మీద అమలవుతుందో మోటార్ల దాడిలో చూశాం కాబట్టి వద్దనుకున్నారు. సొంత బోరున్న ఇళ్ళు కొళాయి ఉంచుకుంటే 40 కట్టాలి, లేదా కనెక్షను వదులుకుంటున్నట్టు రాసివ్వాలి అన్నారు. 11 ఇళ్ళు రాసిచ్చాయి, మిగతావి కట్టడం మొదలుపెట్టాయి.

నేర్చుకున్నవి

ఇలాంటి అర్జీ వస్తే ఎస్టిమేటు తెరవకముందు నాలుగు చోట్ల కొలవాలి: బోరు మూతి, ట్యాంకు నోరు, రాత్రి ట్యాంకు మట్టం, చివరి కొళాయి. ఈ కేసులో నాలుగింటి మధ్య తేడాలే మొత్తం కథ చెప్పాయి. డ్రమ్ము, కర్ర, బకెట్టు, గొట్టం కలిపి 2,000 రూపాయలు కూడా కాలేదు.

కవరేజీ లెక్కను చివరి కొళాయి దగ్గర తీయాలి. జిల్లా సమీక్షలో ఊరి సగటు అడిగితే పల్లపు వీధుల నీళ్ళు ఎత్తు వీధుల ఎద్దడిని కప్పేస్తాయి. ప్రతి ఊళ్ళో ఒక్క చివరి కొళాయి గుర్తించి దాని ధారనూ క్లోరిన్‌నూ నెలకోసారి రాసినా చాలు, సమీక్షలో అడిగే ప్రశ్నలు మారతాయి.

వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002లో వచ్చింది, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బావులను కట్టడి చేస్తుంది. ఈ బోర్ల చుట్టూ మూడు సాగు బోర్లున్నాయి, అందులో ఒకటి చట్టం తర్వాతది. దాన్ని మూయించడానికి ఎవరూ ముందుకు రాలేదు, మేమూ పట్టుబట్టలేదు. ఆ రైతుతో మాట్లాడి, వేసవిలో వరి మానేసి వేరుశనగకు తుంపర్లు పెట్టించడం వరకే కుదిరింది. అది మాట మీద నిలిచే ఏర్పాటు. భూమి చేతులు మారితే ఏమవుతుందన్నదానికి జవాబు లేదు.

అసలు పరీక్ష 2023 ఏప్రిల్లో వచ్చింది. రెండు బోర్లూ కలిసి నిమిషానికి 150 లీటర్లకు దిగాయి. 9 గంటలకు 81,000 లీటర్లు, మనిషికి 48 లోపు. ఈసారి ట్యాంకరు అడగలేదు. గ్రామ నీటి కమిటీ కూర్చుని ప్రతి వంతులోనూ ఏడో వంతు కోసింది: 90 నిమిషాలు 77 అయ్యాయి, 75 కాస్తా 64, 50 కాస్తా 43. ట్యాంకు కాళ్ళ మీది పాత వేళలను సుద్దతో కొట్టేసి పక్కన కొత్తవి రాశారు. జూలైలో చెరువులోకి నీళ్ళు వచ్చాక సుద్ద తుడిచేశారు, పెయింటు అలాగే ఉంది.